రెండు ద్రవములు - ఒక్క బొక్కసము

ప్రజాభిప్రాయము శాసనసభలలో పుట్టునది కాదు. అది రచ్చబండ యొద్దను, రైలు పెట్టెలోను, టీకొట్టు బల్లమీదను పుట్టి, పెరిగి, తుదకు శాసనసభను చేరును. ఈనాడు తెలుగుదేశమున ఏ టీకొట్టు నొద్ద గడియసేపు కూర్చుండినను రెండు ప్రసంగములు చెవిని బడక మానవు. ఒకటి మద్యమును గూర్చినది. రెండవది విద్యుత్తుతో నడచు బండ్లను గూర్చినది. "సర్కారుకి సారా డబ్బే దిక్కయ్యా, అది ఆపితే జీతాలెక్కడి నుంచి తెస్తారు?" అని ఒకరు. "కరెంటు కారు కొన్నావా, నడిదారిలో దిగి నెట్టుకోవాల్సిందే, ఎండాకాలం వస్తే అంటుకుంటుంది కూడా" అని మరియొకరు. చుట్టునున్న వారు తల లూపుదురు. టీ చల్లారును. సభ ముగియును.

ఇట్టి మాటలను తృణీకరించుట పండితులకు పరిపాటి. శిరసావహించుట రాజకీయవేత్తలకు పరిపాటి. రెండును తప్పే. లోకవాక్యము సాక్షివాఙ్మూలము వంటిది. సాక్షిని గౌరవింపవలెను, అడ్డుప్రశ్నయు వేయవలెను. పై రెండు మాటలును వేర్వేరు విషయములను గూర్చినవిగా పైకి దోచును. కాని మన రాష్ట్రప్రభుత్వముల ఆదాయపు పద్దులను విప్పి చూచినవారికి ఇవి యొకే కథయందలి రెండు ఘట్టములని తెలియగలదు. ఆ సంబంధమును పాఠకుల యెదుట నుంచుటయే నేటి మా ఉద్దేశము.

2016వ సంవత్సరమున భారతరాజ్యాంగమునకు నూటయొకటవ సవరణ జరిగినది. దానిననుసరించి 2017 జూలై 1వ తేదీనుండి దేశమంతటను వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చినది. ఉప్పు, పప్పు, చీర, చెప్పు, సబ్బు, సిమెంటు మున్నగు వానిమీద స్వతంత్రముగా పన్నును హెచ్చించుటకు గాని తగ్గించుటకు గాని రాష్ట్రములకు నాటితో అధికారము పోయినది. మిగిలినదేమి? ఏడవ షెడ్యూలునందలి రాష్ట్రముల పట్టికలో 54వ అంశమును చూడుడు. ముడిచమురు, డీసెలు, పెట్రోలు, సహజవాయువు, విమానముల ఇంధనము అని వరుసగా చెప్పి, వాని చెంతనే మానవులు త్రాగు మద్యము అని వ్రాసినారు. ఇవియే రాష్ట్రములు నేటికిని తమ యిష్టానుసారముగా అమ్మకపు పన్ను వేసికొనగల సరకులు. ఆ పట్టికలో పెట్రోలునకు వాడిన పేరు 'మోటారు స్పిరిట్'. బండి త్రాగు స్పిరిట్టును, మనిషి త్రాగు స్పిరిట్టును ఒక్క వాక్యమునందే ప్రక్కప్రక్కన కూర్చుండినవి. శాసనకర్తలు చమత్కారమునకై వ్రాసినది కాదు. కాని చమత్కారమును మించిన సత్యము అందున్నది. రాష్ట్రప్రభుత్వమునకు చేతిలో మిగిలిన రెండు పెద్ద పన్ను మీటలు మనవాని గొంతులోనికి జారు ద్రవము ఒకటి, మనవాని బండిలోనికి జారు ద్రవము ఒకటి.

ఈ చుట్టరికము నేటిది కాదు. 1937 అక్టోబరు 1వ తేదీన చెన్నరాజధానిలో రాజగోపాలాచార్యులవారి కాంగ్రెసు మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధమును ఆరంభించినది. మరుసటి సంవత్సరము మన చిత్తూరు, కడప జిల్లాలకు దానిని విస్తరింపజేసిరి. ఆబ్కారీ ఆదాయము పోవుచుండ ప్రభుత్వమెట్లు నడచునని నాడును ప్రశ్న పుట్టినది. దానికి వారు చెప్పిన సమాధానము 1939లో చేసిన సాధారణ అమ్మకపు పన్ను చట్టము. అనగా నేడు కొట్టు కొట్టునను మనము చెల్లించు పన్నునకు మూలపురుషుడగు అమ్మకపు పన్ను, మద్యపు సొమ్మునకు మారుగా జన్మించినది. త్రాగుబోతునుండి పిండు రాబడిని వదలుకొని, కొనుగోలు చేయు ప్రతి గృహస్థుని యొద్దను కొంచెము కొంచెముగా గ్రహించుట ధర్మమని నాటి పెద్దలు తలచిరి. ఆ తలపున లోపములుండవచ్చును. కాని అందొక లెక్క యున్నది. ఇది మానిన అది తెత్తుమని ముందుగా చెప్పి చేసినారు.

తరువాతి చరిత్రలో ఆ లెక్క మరుగుపడినది. యుద్ధకాలమున గవర్నరు సలహాదారుల పాలనలో నిషేధము సడలినది. 1946లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము మరల దానికి పూనుకొనగా, 1948 నాటికి రాజధాని యంతటను నిషేధము వ్యాపించినది. 1953లో ఆంధ్రరాష్ట్రము పుట్టినది. నిషేధము సక్రమముగా సాగుటలేదనియు, దానిని ఎత్తివేయుట మంచిదనియు రామమూర్తి సంఘము చెప్పినది. ఆ వివాదమునందే 1954 నవంబరులో ప్రకాశముగారి ప్రభుత్వము ఒక్క ఓటుతో కూలిపోయినది. తుపాకి కెదురుగా రొమ్ము చూపినవాడని పేరొందిన వీరుని ప్రభుత్వమును పడగొట్టినది దొర కాదు, కల్లుకుండ. ఆనాటినుండి తెలుగు మంత్రులకు ఈ విషయమున ఒక విధమగు భయము నిలిచిపోయినది. 1968లో కొత్త ఆబ్కారీ చట్టము వచ్చినది. ఆ దశాబ్దము ముగియునప్పటికి నిషేధమునకు నీళ్లు వదలిరి. 1980లలో 'వారుణి వాహిని' యను ముద్దుపేరుతో ప్రభుత్వమువారే సారాయిని సంచులలో నింపి పల్లె పల్లెకు పంపునంతవరకు వచ్చినది.

ఆ సంచులను చింపినది శాసనసభ కాదు, అక్షరము. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి పోయిన ఆడువారు పాఠపుస్తకములో ఒక కథ చదివిరి. అందు త్రాగుడు మూలమున ఒక సంసారము నాశనమైనది. 'ఇది మన కథయే కదా' యనుకొనిరి. 1992లో రోశమ్మ మొదలుగా గల ఆ ఊరి స్త్రీలు సారాయి దుకాణమును మూయించిరి. ఒక పల్లెనుండి మరియొక పల్లెకు, ఒక జిల్లానుండి మరియొక జిల్లాకు ఆ అగ్ని ప్రాకినది. 1993లో సారాయి నిషేధింపబడినది. 1994 డిసెంబరులో నందమూరి తారక రామారావుగారు ప్రమాణస్వీకారవేదికమీదనే సంపూర్ణనిషేధపు కాగితముపై సంతకము చేసిరి. 1995 జనవరి 16 నుండి అది అమలైనది. రెండేండ్లు దాటి కొలది నెలలకే, 1997లో, చంద్రబాబు నాయుడుగారి ప్రభుత్వము దానిని ఎత్తివేసినది. దొంగరవాణా, బొక్కసపు లోటు అని కారణములు చెప్పిరి. ఆ కారణములు అసత్యములు కావు. కాని 1939లో జరిగినట్లు, పోవు రాబడికి బదులు రాబడిని ముందు సిద్ధపరచుకొని దిగిన యుద్ధము కాదది. తిండి గింజలు లేకుండ దండయాత్రకు బయలుదేరిన సైన్యము వెనుకకు మరలుట వింత కాదు.

విభజనము తరువాతి కథ పాఠకులందరు కన్నులార చూచినదే. 2019 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున దుకాణములను ప్రభుత్వమే నడపినది. క్రమక్రమముగా నిషేధమునకు పోవుదుమనిరి. 2020 మే నెలలో ధరలను రెండు దినములలో మొత్తము నూటికి 75 వంతులు పెంచిరి. పేదవాడు త్రాగుట మానునని వారి తలంపు. ఆ యేడు జూలై కడపట ప్రకాశము జిల్లా కురిచేడులో చేతులు శుభ్రపరచుకొను సానిటైజరును త్రాగి పదిమందికి పైగా మరణించిరి. ప్రకాశముగారి పేరు దాల్చిన జిల్లాలోనే అది జరుగుట విధివిలాసము. 2024లో ప్రభుత్వము మారినది. అక్టోబరు 16 నుండి 3,396 దుకాణములు మరల ప్రైవేటువారి పరమైనవి. క్వార్టరుసీసా 99 రూపాయలకే దొరకునని చాటిరి. ఆ దుకాణముల చీట్లకు వచ్చిన దరఖాస్తులు 89,882. ఒక్కొక్క దరఖాస్తునకు తిరిగి యియ్యని రుసుము రెండు లక్షలు. ఒక్క సీసా అమ్ముడు పోకముందే బొక్కసమున పడినది సుమారు 1,797 కోట్లు. తెలంగాణము ఇందు వెనుకబడలేదు. 2023లో 2,620 దుకాణములకు లక్షా ముప్పది వేలకు పైగా దరఖాస్తులు వచ్చి 2,600 కోట్లకు పైగా కురిసినవి. 2025లో రుసుమును మూడు లక్షలకు పెంచగా దరఖాస్తులు 95 వేలకు తగ్గినను, రాబడి 2,850 కోట్లు దాటినది. పంట పండినదో లేదో గాని చీటి పండినది.

ఇప్పుడు టీకొట్టు సాక్షిని ప్రశ్నింతము. 'త్రాగుడును ఎవ్వరును మాన్పలేరు' అని యతడు చెప్పును. ఇది సగము నిజము. 2016 ఏప్రిలునుండి బీహారులో సంపూర్ణనిషేధ మున్నది. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో అచ్చటి పురుషులలో నూటికి పదునైదుగురు త్రాగుచున్నామని ఒప్పుకొనిరి. 2022 డిసెంబరులో సారణ్ జిల్లాలో కల్తీసారాయి పలువురి ప్రాణములను బలిగొన్నది. కావున చట్టము త్రాగుడును తుడిచివేయలేదనుట నిజము. కాని అదే పరిశీలనలో ఆంధ్రప్రదేశ పురుషులలో నూటికి ఇరువదిమువ్వురు, తెలంగాణ పురుషులలో నూటికి నలువదిమువ్వురు. ఒకే భాష, ఒకే తిండి, నిన్నమొన్నటి వరకు ఒకే రాష్ట్రము; అయినను ఇంత భేదము! ఆచారములు, కల్లుగీత, చుట్టములకు పెట్టు మర్యాదలు వంటి కారణములు పెక్కులుండవచ్చును. త్రాగుడు తలవ్రాత వంటిది కాదని, చోటునుబట్టియు పద్ధతినిబట్టియు హెచ్చుతగ్గు లగునని మాత్రము ఈ అంకెలు చెప్పుచున్నవి. మారునది ఏదైనను మార్చదగినదే.

'ధర పెంచిన పేదవాడు మానును' అనునది రెండవ మాట. ధర పెరిగినచో త్రాగుడు కొంత తగ్గుట పలుదేశముల అనుభవము. కాని ప్రక్కనే చౌకవిషము దొరకునప్పుడు ధర యొక్కటియే కాపాడదని కురిచేడు చెప్పుచున్నది. 'సర్కారుకు ఆ డబ్బే దిక్కు' అనునది మూడవ మాట. మా దృష్టిలో ఇదియే ప్రధానమైనది, ఇదియే భయంకరమైనది. రాజ్యాంగపు 47వ అనుచ్ఛేదము మత్తుపదార్థములను నిషేధించుటకు రాజ్యము యత్నింపవలెనని ఆదేశించుచున్నది. 54వ అంశము ఆ పదార్థములమీద పన్ను వేసికొమ్మని అనుమతించుచున్నది. ఒకే గ్రంథములో ఒకచోట తండ్రి హితోపదేశము, మరియొకచోట షావుకారు పద్దు. తండ్రి షావుకారునకు బాకీపడిన యింట బిడ్డల గతి యేమగునో చెప్పనక్కరలేదు.

ఇక రెండవ ద్రవమునకు వత్తము. విద్యుద్వాహనములు నమ్మదగినవి కావని జనులు చెప్పుకొను మాటలో ఎంత సారమున్నది? ఇందు రెండు సాక్ష్యములను పోల్చి చూడవలసి యున్నది. జర్మనీలో ఆడాక్ అను వాహనదారుల సంఘము దారిలో చెడి నిలిచిన బండ్ల లెక్కలను ఏటేట ప్రకటించును. 2024వ సంవత్సరపు లెక్కలలో, రెండు మొదలు నాలుగేండ్ల వయస్సు గల బండ్లను పోల్చగా, పెట్రోలు డీసెలు బండ్లు వేయింటికి 10.4, విద్యుద్వాహనములు వేయింటికి 4.2 మాత్రమే దారిలో ఆగినవి. దీనిని చూచిన విద్యుద్వాదులు గంతులు వేయుదురు. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అను సంస్థ సొంతదారులనే అడిగి లెక్క కట్టును. 2023 కడపట వారు చెప్పినది: కొత్త విద్యుద్వాహనములలో చిక్కులు పెట్రోలుబండ్ల కంటె నూటికి 79 వంతులు అధికము. మరుసటి యేటికి ఆ అంతరము 42 వంతులకు తగ్గినది. దీనిని చూచి పెట్రోలు పక్షమువారు గంతులు వేయుదురు.

నిజమునకు ఈ రెండు సాక్ష్యములును ఒండొంటికి విరుద్ధములు కావు. మొదటిది దారిలో ఆగిపోయిన బండిని లెక్కించినది. రెండవది ఆగకపోయినను విసిగించిన ప్రతి లోపమును, అనగా తెర పనిచేయకుండుట, తలుపు పట్టుకొనుట, విద్యుత్తు సరిగా ఎక్కకుండుట మున్నగువానిని లెక్కించినది. విద్యుత్తు మోటారులో కదలు భాగములు తక్కువ. గేరుపెట్టె, క్లచ్చి, ఇంజనునూనె, పొగగొట్టము అను బెడదలు లేవు. అందుచే అది నిలిచిపోవుట తక్కువ. కాని కొత్త కర్మాగారములు కొత్త నమూనాలను తొందరపడి అంగడికి తెచ్చుటచే చిల్లరలోపములు ఎక్కువ. వింత యేమనగా, ఆడాక్ లెక్కలలో విద్యుద్వాహనము ఆగుటకు ముఖ్యకారణము దాని పెద్ద బ్యాటరీ కాదు. ప్రతి కారులోను ఉండు 12 వోల్టుల చిన్న బ్యాటరీ. ఏనుగును ఎలుక ఆపినట్లున్నది. కావున 'దారిలో దిగి నెట్టుకోవాల్సిందే' అను మాటకు లెక్కలు సాక్ష్యము పలుకుట లేదు. 'కొత్త బండి, కొత్త తలనొప్పి' అను మాటకు పలుకుచున్నవి.

ఇక కాలిపోవు మాట. ఇది వట్టి పుకారని కొట్టివేయుటకు వీలులేదు. తెలుగువారు దీనికి ప్రాణములతో మూల్యము చెల్లించినారు. 2022 ఏప్రిలులో విజయవాడలోను, నిజామాబాదు జిల్లాలోను ఇంటిలో విద్యుత్తు ఎక్కించుచుండగా స్కూటరు బ్యాటరీలు పేలి మనుష్యులు మరణించిరి. ఆ యేడు సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక లాడ్జి క్రిందిభాగమునందలి విద్యుత్ స్కూటర్ల దుకాణమున రేగిన అగ్ని, దాని పొగ, పైనున్న ఎనమండుగురిని పొట్టన పెట్టుకొన్నవి. లిథియము కణములలో ఒకటి చెడి వేడెక్కినచో ఆ వేడిమి ప్రక్క కణమునకు ప్రాకును; అది మరియొక దానికి అంటించును; నీటికి గాని ఇసుకకు గాని సులువుగా లొంగదు. చవుక కణములు, ఆ కణముల వేడిమిని కనిపెట్టియుండవలసిన యంత్రాంగపు లోపము, సరిపడని చార్జరు, గాలి చొరని గది - ఇవి కలిసినచో యిల్లు చితి యగును. ఈ దుర్ఘటనల పిమ్మట కేంద్రప్రభుత్వము బ్యాటరీల ప్రమాణములను బిగించినది. 2022 డిసెంబరు 1 నుండి కొన్ని నిబంధనలు, 2023 మార్చి 31 నుండి మరికొన్ని అమలులోనికి వచ్చినవి. ఒక కణపు మంట ప్రక్కదానికి ప్రాకు లోపల బండివానికి హెచ్చరిక వినబడవలెనని అందొక నియమము. నియమము మంచిదే. కాని నియమము పుట్టుటకు శవములు లేవవలసి వచ్చెనా యని అడుగు హక్కు ప్రజలకు గలదు. అంతకుముందు అమ్ముడుపోయి, నేటికిని మన సందులలో తిరుగుచున్న పాత బ్యాటరీల మాట యేమి?

మరియొక సంగతి కూడ చూడవలెను. నమ్మకమనగా బండి నడచుట మాత్రమే కాదు, చెడినప్పుడు బాగుచేయువాడుండుట. మన పల్లెలో మోటారుసైకిలు చెడినచో చింతచెట్టు క్రింది మెకానికు సుత్తి, పానా పట్టుకొని గంటలో నడిపించును. విద్యుద్వాహనమునకు అతని పానా పనికిరాదు. కంప్యూటరు కావలెను, ఆ కంప్యూటరు కంపెనీవాని యొద్దనే యుండును. వానకాలపు కరెంటు కోతయు, వంద మైళ్లకొక చార్జింగు చోటును, పాతబండికి కొనువాడు దొరకని గతియు చూచి 'నమ్మలేము' అని మన రైతన్న అనిన, అతడు మూఢుడు కాడు, లెక్క తెలిసినవాడు. అదే సమయమున 2022 నుండి తిరుమల కొండదారిలో విద్యుత్ బస్సులు యాత్రికులను మోయుచున్నవి. ఏడుకొండలు ఎక్కగలిగిన మోటారునకు శక్తి లేదనుట పొసగదు. కొండ దిగునప్పుడు అది కొంత విద్యుత్తును తిరిగి కూడబెట్టుకొనును గూడ. ఆ బస్సులకు తమ స్థావరము, తమ చార్జరు, తమ పనివారు కలరు. అందుచే నడచుచున్నవి. భేదము యంత్రములో లేదు, ఏర్పాటులో ఉన్నది.

ఇప్పుడు రెండు కథలను కలుపుదము. ఆ ఏర్పాటును చేయవలసిన రాష్ట్రప్రభుత్వమునకు ఇందు గల ఆసక్తి యెట్టిది? 2024 నాటికి తెలంగాణమున పెట్రోలుపై అమ్మకపు పన్ను నూటికి 35 వంతులు దాటియున్నది. ఆంధ్రప్రదేశమున 31 వంతులును, ఆ పైన లీటరుకు 4 రూపాయలును, రోడ్ల పేర మరియొక రూపాయియు. విద్యుద్వాహనము ఈ పన్నును ఒక్క కాసైనను చెల్లింపదు. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు కడవరకు విద్యుద్వాహనములకు రోడ్డుపన్నును, రిజిస్ట్రేషను రుసుమును మాఫీ చేయుచు ఉత్తరువు చేసినది. మంచి పనియే. కాని ఒక చేత పెట్రోలు వాడకమును తగ్గింప యత్నించుచు, రెండవ చేతితో ఆ పెట్రోలు పన్నునే జీతములకు ఎదురుచూచు ప్రభుత్వము ఎంతకాలము మనఃపూర్వకముగా ఆ పని చేయగలదు? పెట్రోలు తరిగినకొలది, ఆ పట్టికలో దాని ప్రక్కన కూర్చున్న రెండవ స్పిరిట్టు మీదనే భారము పడదా? ఇదియే మా భయము. నగరమునందలి కలవారు కరెంటు కారు కొని పెట్రోలు పన్నునుండి తప్పించుకొందురు. ఆ లోటును పల్లెలోని కూలివాని క్వార్టరుసీసా పూరించును. గాలి శుభ్రమగుట పట్టణమున. గూడు చెడుట పల్లెలో. ఇట్లు జరుగవలెనని ఎవ్వరును కోరరు. కాని కోరకయే జరుగునవి పెక్కులు గలవు.

నార్వే దేశపు అనుభవము ఇందు గమనింపదగినది. ఆ దేశము ఘాటుసారాయిని నిషేధించి, 1926లో ప్రజల ఓటుతోనే ఆ నిషేధమును రద్దుచేసికొన్నది. అయినను అంగడికి వదలివేయలేదు. 1922లో స్థాపించిన ప్రభుత్వసంస్థ దుకాణములే నేటికిని అచ్చట వైన్, ఘాటుమద్యముల చిల్లర అమ్మకమును నడపుచున్నవి. అదే దేశమున 2024లో అమ్ముడైన కొత్తకార్లలో నూటికి 89 వరకు విద్యుత్తుతో నడచునవి. పన్నులను మాఫీ చేసి ఆ స్థితికి తెచ్చి, రాబడి తరుగుట చూచి, 2023 నుండి ఖరీదైన విద్యుత్తు కార్లపై పన్నును మరల కొంత వేయుచున్నారు. వారికి సముద్రగర్భమున చమురుగనులున్నవి, నిండిన బొక్కసమున్నది, మనకు లేదు. అయినను నేర్చుకొనదగిన దొకటి యున్నది. ఒక దారిని మూసినప్పుడు రెండవ దారి యేదో వారు లెక్కలతో చెప్పినారు.

మరియొక వింత. ఈ రెండు ద్రవములు నేడు నిజముగనే కలిసిపోయినవి. పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఎథనాలు కలుపుట 2025 నాటికి దేశమంతట నెరవేరినది. ఎథనాలనగా మద్యమునకు మత్తునిచ్చు ఆ పదార్థమే. చెరకునుండి, నూకలనుండి, మొక్కజొన్ననుండి తీయునదే. మైలేజి తగ్గెనని బండ్లవారు గొణిగిరి. పెట్రోలుకంటె ఎథనాలునందు శక్తి మూడింట ఒక వంతు తక్కువ గనుక వారి గొణుగుడులో నిజము లేకపోలేదు. అయినను కొనువానిని అడిగినవారు లేరు, వేరు రకమును కోరుకొను వీలును ఇచ్చినవారు లేరు. మద్యమైన నేమి, బండియైన నేమి, ఇంధనమైన నేమి - విధానమును పైన నిర్ణయింతురు. అనుభవించువాడు క్రింద గొణుగును. ఆ గొణుగుడునకే మనము ప్రజాభిప్రాయమని పేరిడినాము.

ఇట్లుండగా కర్తవ్యమేమి? మేము కోరునవి నాలుగు. మొదటిది: ప్రతి సంవత్సరము ఆదాయవ్యయపట్టికతోపాటు మద్యపు పద్దును వేరుగా ప్రకటింపవలెను. వచ్చినదెంత, త్రాగుడుచే వచ్చు రోగములకు, మాన్పించు చికిత్సాలయములకు, రోడ్డుప్రమాదములకు వ్యయమైనదెంత అని ఎదురెదురుగా చూపవలెను. రెండవది: రాష్ట్రపు సొంత రాబడిలో మద్యపు వంతును ఏటేట ఇంత చొప్పున తగ్గింతుమని శాసనసభలో అంకెతో సహా ప్రతిజ్ఞ చేయవలెను, దానికి బదులేదో 1939లో వలె ముందుగా చెప్పవలెను. ఏ పార్టీ వచ్చినను ఆ అంకె మారకూడదు. సంపూర్ణనిషేధమని ఒక యెన్నికలో, చౌకసీసా యని మరియొక యెన్నికలో ఊగులాడుట వలన పేదవానికి మిగులునది తలతిరుగుడు మాత్రమే. మూడవది: విద్యుద్వాహనముల అగ్నిప్రమాదములను, దారిలో ఆగిన బండ్లను, కంపెనీల వారీగా లెక్కించి ప్రకటింపవలెను. జర్మనీలో ఒక వాహనదారుల సంఘము చేయగల పనిని మన రవాణాశాఖ చేయలేకపోవుటకు కారణము కనబడదు. లెక్క ప్రకటింపబడిననాడు పుకారు చచ్చును, దొంగసరకును చచ్చును. నాలుగవది: చింతచెట్టు క్రింది మెకానికునకు ఐటీఐలలో ఈ కొత్తపని నేర్పవలెను, బాగుచేయుటకు కావలసిన వివరములను కంపెనీలు దాచకుండ కట్టడి చేయవలెను. వాని చేతికి పని వచ్చిననాడు ఊరివారి మనస్సునకు నమ్మకము వచ్చును.

దూబగుంట స్త్రీలు ఆర్థికశాస్త్రమును చదువలేదు. వారు తమ యింటి పద్దును చదివిరి. కూలి ఎంత, కల్లంగడికి పోయినదెంత, పొయ్యిమీదికి వచ్చినదెంత అని లెక్కించిరి. ఆ లెక్క తేలిన మరునాడు వారికి ఉపన్యాసము కావలసి రాలేదు. రాష్ట్రమును ఒక యిల్లే. దానికిని ఆ లెక్క వేయువారు కావలెను. టీకొట్టునొద్ద 'సర్కారుకు ఆ డబ్బే దిక్కు' అని తల యూపు పెద్దమనుష్యులారా! ఆ డబ్బు ఎవరిదో, ఏ యింటి పొయ్యి ఆరి వచ్చినదో ఒక్కమారు అడుగుడు. ఆ ప్రశ్న ఓటు అడుగవచ్చిన ప్రతివాని మొగమున వేయుడు. సమాధానము అంకెతో చెప్పినవానిని నమ్ముడు; సామెతతో చెప్పినవానిని సాగనంపుడు.